నెమలికంఠం చీరకు చీకటి ముద్ర

వన్నెల పర్యవేక్షణ సంస్థ రాకముందు కొలనుపేటలో చీరలకు రంగులుండేవి. సంస్థ వచ్చాక ఆ రంగులకు అనుమతి కావలసివచ్చింది.

తప్పు సంస్థది కాదు. ఎక్కడో దూరదేశంలో ఒకావిడ పుస్తకంలో బొమ్మ చూసి కొలనుపేట చీర తెప్పించుకుంది. బొమ్మలో ఉన్న రంగు చీరలో లేదని ఫిర్యాదు చేసింది. పైవాళ్ళు ఆ ఫిర్యాదు చదివి తలలు దించుకున్నారు. దించుకున్న తలలు ఎత్తేసరికి సంస్థ మంజూరైంది, దానికొక మేడ మంజూరైంది, ఒక డైరెక్టరు, ఒక డిప్యూటీ డైరెక్టరు, ఒక జీపు మంజూరయ్యారు. వచ్చీ రాగానే వాళ్ళు ఒక ఉత్తర్వు గోడకు అంటించారు.

"ప్రతి రకము చీరకును ఒక నమూనా స్వీకరించి, ఫోటో తీసి, కాగితముపై అచ్చు వేయవలెను. అచ్చులోని రంగును చీరలోని రంగును యథాతథముగా ఒకటే అయినప్పుడు మాత్రమే ఆ రకమునకు ముద్ర వేయబడును. ముద్ర లేని చీర చీరగా పరిగణింపబడదు."

"చీరగా పరిగణించకపోతే మరి ఏందిగా పరిగణిస్తారంట?" అని సొసైటీ అరుగు మీద భావనారాయణ అడిగాడు.

అడగకుండా ఉండాల్సింది. మాట్లాడినవాడి మగ్గం మీదే ముందు కన్ను పడింది.

భావనారాయణ మగ్గం మీద అప్పుడు ఉన్నది అమ్మే చీర కాదు. పెళ్ళయిన నాటి నుంచీ అతని భార్య నాంచారమ్మ ఊళ్ళోవాళ్ళ పట్టుచీరలకు కండెలు చుట్టింది గాని, తన ఒంటిమీద ఒక్క పట్టుపోగు వేసుకోలేదు. ఆమె చెల్లెలు తిరపతమ్మ కనిపించినప్పుడల్లా దెప్పేది. "మా అక్క పట్టు ముట్టుకుంటది గాని కట్టుకోదమ్మా, అంటరానిదేమో పాపం" అని నలుగురిలో నవ్వేది. ఆ తిరపతమ్మ ఇప్పుడు కొత్త ఇల్లు కట్టింది. గృహప్రవేశానికి పిలుపు వచ్చింది. ఆ పిలుపు విన్న రోజునే భావనారాయణ నోరెత్తకుండా మగ్గానికి పడుగు కట్టాడు.

నెమలికంఠం. పడుగు నీలం, పేక ఆకుపచ్చ. ఇటు నుంచి చూస్తే నీలం, అటు నుంచి చూస్తే పచ్చ. కట్టుకుని నడిస్తే రెండూ.

చీర మగ్గం దిగిన పూటే ఇంటి ముందు జీపు ఆగింది. డిప్యూటీ డైరెక్టరు కళాధర్ దిగాడు. చేతులకు తెల్లటి తొడుగులు వేసుకుని చీరను ఎత్తాడు, పసిబిడ్డను ఎత్తినట్టు.

"మీ పనితనము సంస్థ దృష్టిని ఆకర్షించినది. దీనిని నమూనాగా స్వీకరించడమైనది."

"ఇది మా ఇంటిదానికి నేసుకున్నానయ్యా" అన్నాడు భావనారాయణ.

"వారికే తిరిగి ఇవ్వబడును. సరిపోలిక జరిగిన మరుక్షణము."

నాంచారమ్మ గుమ్మంలోంచి తొంగిచూసింది. "సరిపోలిక అంటే ఏందయ్యా?"

"ఫోటోలో రంగు, చీర రంగు ఒకటే అని తేలడమమ్మా."

"అదెంతసేపు? చీరకు ఫోటో తీస్తే చీర రంగు రాక మీ జీపు రంగు వస్తదా?"

కళాధర్ జాలిగా నవ్వాడు. "ఈ శాస్త్రములో ప్రవేశము లేనివారు అలాగే అనుకొందురు."

జీపు వెళ్ళిపోయింది. నాంచారమ్మ మొగుడి వైపు తిరిగింది. "గృహప్రవేశం నాటికి ఆ చీర నా ఒంటిమీద లేకపోతే, నువ్వు నేసేది నువ్వే కట్టుకో" అంది.

*

భావనారాయణను పట్నంలో ఆఫీసుకు పిలిపించారు. చీర తిరిగి ఇస్తారనుకుని సంచీ పట్టుకుని వెళ్ళాడు. వాళ్ళు సంజాయిషీ అడిగారు.

డైరెక్టరు వర్ధనరావు పెద్ద గదిలో, పెద్ద కంప్యూటరు తెర ముందు కూర్చుని ఉన్నాడు. ఆ తెర మిట్టమధ్యాహ్నపు ఎండలా వెలుగుతోంది. ఆయన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని పని చేస్తున్నాడు. డిప్యూటీ తెర సాయంకాలంలా ఉంది. ఫోటోలు సరిదిద్ది అచ్చువేసే మస్తాన్‌వలి తెర దాదాపు సందెచీకటి. ఆ ఆఫీసులో తెర వెలుగు హోదాను బట్టి ఇస్తారు. ప్రమోషను వచ్చినవాడికి ముందు తెర వెలుగు పెంచి, తర్వాత జీతం పెంచుతారు.

"నీ చీర" అన్నాడు వర్ధనరావు, "నాకు నీలముగాను, డిప్యూటీ గారికి ఆకుపచ్చగాను కనిపించుచున్నది. ఒకే ప్రభుత్వములోని ఇద్దరు అధికారులకు భిన్నమైన రంగులు చూపుటలో నీ ఉద్దేశ్యమేమి?"

"ఉద్దేశం ఏముందయ్యా, మీరు ఆ పక్క కూర్చున్నారు, ఆయన ఈ పక్క కూర్చున్నాడు. అందుకని."

వర్ధనరావు ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తున్నప్పుడు ఆఫీసులో ఫ్యాన్లు కూడా మెల్లగా తిరుగుతాయి.

"అనగా లోపము రంగులో లేదు. కుర్చీలో ఉన్నది."

వారం తిరక్కుండా వర్ణ వీక్షణ కుర్చీ వచ్చింది. దాన్ని నేలకు మేకులు కొట్టి బిగించారు. చీర రంగు ఏదో నిర్ణయించవలసినవారు ఆ కుర్చీలోనే కూర్చుని చూడాలి. వర్ధనరావు పొట్టి, కళాధర్ పొడుగు. అందుకని డైరెక్టరు గారికి ఒక దిండు మంజూరైంది. దిండు మెత్తగా ఉండి ఆయన మెల్లమెల్లగా కిందికి దిగిపోతుంటే, చూస్తుండగానే చీర నీలం నుంచి పచ్చకు తిరిగింది. గట్టి దిండు తెప్పించారు. టీ అందుకోవడానికి వంగితే మళ్ళీ రంగు మారింది. టీ రద్దయింది. ఆఖరికి ఆయన మెడ కదలకుండా కూర్చుని, పళ్ళు బిగించి, "నీలము" అన్నాడు. కళాధర్ రాసుకున్నాడు. ప్యూను చప్పట్లు కొట్టాడు.

ఆ రోజు కూడా చీర కోసం వచ్చిన భావనారాయణ గోడవార నిలబడి ఇదంతా చూశాడు. అతను నిలబడ్డ చోటికి చీర పచ్చగా కనిపిస్తోంది. చెప్పలేదు. చెబితే గోడ కూల్చేస్తారని భయం.

ఇక అచ్చు. మస్తాన్‌వలి ఫోటోను తెర మీద తిప్పి తిప్పి, దిద్ది దిద్ది, చీరకు అచ్చుగుద్దినట్టు చేశాడు. మీట నొక్కాడు. మిషను మూలిగింది, దగ్గింది, కాగితం బయటికి తోసింది.

వంకాయ రంగు.

అందరూ కాగితం చూశారు. చీర చూశారు. మళ్ళీ కాగితం చూశారు.

"తెర మీద బాగానే ఉంది సార్" అన్నాడు మస్తాన్‌వలి. "తెర మీద రంగు వెలుగుతో వస్తది. కాగితం మీద ఇంకుతో వస్తది. తెర చెప్పింది మిషనుకు అర్థం కావాలంటే మధ్యన ఒక దుబాసీ ఉండాలి సార్. ఈ మిషనుకు, ఈ కాగితానికి సరిపడేది. ప్రొఫైల్ అంటారు."

"దుబాసీ పోస్టు మంజూరైనదా?"

"మనిషి కాదు సార్. కంప్యూటర్లో ఉండే ఫైలు. మిషను కంపెనీవాళ్ళే ఇచ్చారు. పెట్టుకుంటే అయిపోద్ది."

వర్ధనరావు ముఖం గంభీరమైంది. "ఫైలు అయినచో అది నా బల్ల మీదికి రాకుండా నేరుగా మిషనులోనికి ఎట్లు పోవును? ముందు కాగితము మీద పెట్టి పంపుము. సరియైన మార్గములో రానిమ్ము."

మస్తాన్‌వలి ఆ ప్రొఫైల్‌ను కాగితం మీద అచ్చు వేశాడు. కట్టలు కట్టలుగా వచ్చింది. చుక్కలు, గీతలు, డబ్బాలు, ఏ భాషా కాదు. కళాధర్ దాన్ని రాత్రింబవళ్ళు చదివి, "పైన పేర్కొన్న అంశములు సమంజసముగా ఉన్నవి, పరిశీలనార్థము సమర్పించడమైనది" అని రాసి సంతకం పెట్టి పైకి పంపాడు. పైవాళ్ళు ఇంకా పైకి పంపారు. కొన్నాళ్ళకు అది ఒక ప్రశ్నతో తిరిగివచ్చింది. "ఇందలి డబ్బాలు ఖాళీగా ఉన్నవి. పూరించి పంపగలరు."

మస్తాన్‌వలి ఆ డబ్బాలు పూరించడానికి కూర్చున్నాడు. అతను ఇప్పటికీ పూరిస్తూనే ఉన్నాడని చెప్పుకుంటారు.

*

"చీర ఏదయ్యా?" అంది నాంచారమ్మ.

"ఫోటో ఇంకా కుదర్లేదంట."

"నా ఫోటో కుదర్లేదని నీకేమన్నా అనిపించిందా పెళ్ళిచూపుల్లో? చూసుకున్నావు, చేసుకున్నావు. పో, మళ్ళీ పోయి అడుగు. తిరపతమ్మ ఇంటికి రంగులు కూడా వేసిందంట."

మళ్ళీ వెళ్ళేసరికి ఆఫీసులో కొత్త ఉత్సాహం కనిపించింది. కళాధర్ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు.

"శుభవార్త. అచ్చును చీరకు సరిపోల్చుటలో ఇబ్బందులు ఉన్నందున, చీరనే అచ్చుకు సరిపోల్చవలెనని నిర్ణయము జరిగినది. అద్దకమువారికి కబురు చేసితిమి. సోమవారము నాటికి మీ చీర వంకాయ రంగునకు మారును."

భావనారాయణ మామూలుగా ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఆ రోజు మాత్రం నేల మీద కూలబడి గొంతెత్తాడు. "అయ్యా! పడుగొక రంగు, పేకొక రంగు పెట్టి నేసింది. అద్దకంలో ముంచితే బురదవుద్దయ్యా! మా ఆడమనిషి నన్ను అందులోనే ముంచుద్ది!"

"ఆ రంగుకును ఒక ఫోటో తీయుదుము. భయపడవలదు."

"తీశాక అది కూడా ఇంకో రంగు వస్తే?"

"మరల అద్దుదుము. సరిపోలు వరకు అద్దుదుము. సంస్థ వెనుకంజ వేయదు."

చీర మీద కిటికీ ఎండ పడి మెరుస్తోంది. పక్కన బల్ల మీద వంకాయ కాగితం. చూడలేక భావనారాయణ లేచి వెళ్ళి కిటికీ తలుపు మూసేశాడు.

"ఆగుము!" అన్నాడు వర్ధనరావు కుర్చీలోంచి.

అందరూ ఆగిపోయారు.

"ఇప్పుడు తేడా తగ్గినది."

నిజమే. గది మసకబారింది. చీర, కాగితం కాస్త దగ్గరైనట్టు ఉన్నాయి. రెండో కిటికీ కూడా మూయించాడు. తేడా ఇంకా తగ్గింది. ఒక లైటు ఆర్పించాడు. ఇంకా తగ్గింది. కళాధర్ వేళ్ళ మీద లెక్క వేశాడు. వెలుతురు తగ్గే కొద్దీ తేడా తగ్గుతోంది. అంటే వెలుతురు పూర్తిగా లేకపోతే తేడా పూర్తిగా ఉండదు. ఇంత సూటి శాస్త్రం ఆ మేడలో అంతకుముందెవరూ కనిపెట్టలేదు.

ఆఖరి లైటు ఆరింది. తెర కూడా ఆపేశారు.

చీర, తెర, కాగితం మూడూ ఒకటే రంగు.

"సరిపోలినది!" అన్న డైరెక్టరు గొంతు చీకట్లో వినపడింది. "యథాతథముగా సరిపోలినది! కాగితము తెండు, సంతకము చేసెదను."

చేశాడు. సంతకం సగం కాగితం మీద పడింది, మిగతా సగం కళాధర్ చొక్కా మీద పడింది. ఆ చొక్కాను కూడా ఫైలులో కట్టారు.

చీర అద్దకం తప్పించుకుంది. భావనారాయణ చీకట్లోనే దండం పెట్టాడు. ఎవరికి పెట్టాడో తెలియదు. "అయితే ఇంక నా చీర నాకు ఇప్పించండయ్యా. గృహప్రవేశం ఆదివారమే."

"ఇచ్చినచో ఏమి చేసెదవు?"

"ఇంటికి తీసకపోతాను."

"ఏ మార్గమున?"

"రోడ్డు మీద, బస్సులో."

"అనగా వెలుతురులోనికి" అన్నాడు వర్ధనరావు. "వెలుతురులోనికి పోయిన మరుక్షణము సరిపోలిక భంగమగును. నా సంతకము అబద్ధమగును. ప్రభుత్వ ముద్ర పడిన సరిపోలికను చెడగొట్టుట నేరమని నీకు తెలియదా? ఆ చీర ఇకమీదట చీకటిలోనే ఉండవలెను. తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు, అనగా శాశ్వతముగా."

*

కింది అంతస్తులో పెద్ద హాలు కిటికీలకు ఇటుకలు కట్టించి, దానికి వర్ణ సమైక్య మందిరం అని పేరు పెట్టారు. ప్రారంభోత్సవం శనివారం. నమూనా నేసిన దంపతులకు సన్మానమని కబురొచ్చింది.

"నేను రాను" అంది నాంచారమ్మ. తర్వాత, "వస్తా" అంది. "ఆదివారం తిరపతమ్మ ముందు పాత నూలుచీరతో నిలబడబోయే ముందు, నా చీరను ముట్టుకునైనా వస్తా."

గేటు దగ్గర వాచ్‌మన్ ఏసోబు కాపలా ఉన్నాడు. అతని చేతికి వంకాయ రంగు అచ్చు ఇచ్చి, "ఈ రంగు చీర ఏదీ గేటు దాటరాదు" అని చెప్పి నిలబెట్టారు. ఏసోబు వచ్చినవాళ్ళందరినీ ఆ కాగితం పక్కన పెట్టి చూస్తున్నాడు. ఎవరో కూరగాయలావిడను అరగంట ఆపేశాడని అప్పటికే చెప్పుకుంటున్నారు.

లోపల కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. సభ మొదలైంది. ముఖ్య అతిథి జ్యోతి ప్రజ్వలన చేశారు. అంటే వెలిగించకుండా ప్రమిద దగ్గర నిలబడ్డారు. అందరూ చప్పట్లు కొట్టారు, ఆయన ఎటు నిలబడ్డాడో తెలియక రకరకాల దిక్కులకు తిరిగి. ఫోటోగ్రాఫరు లైటు లేకుండా ఫోటోలు తీశాడు. అవి ఒక్కొక్కటీ అసలును పోలినట్టు వచ్చాయని తర్వాత పత్రికలకు ఇచ్చారు.

వర్ధనరావు ప్రసంగించాడు. "ఈ శతాబ్దములో రంగును జయించిన సంస్థ మనదొక్కటే" అన్నాడు. ఆయన మైకు అనుకుని మాట్లాడింది కళాధర్ చెవిలో. అందుకని వెనక వరసలవాళ్ళకు వినపడలేదు. వాళ్ళు బాగుందన్నారు.

"ఇప్పుడు సన్మానము. శాలువా తెండు."

శాలువా, చీర పక్కపక్క బల్లల మీద ఉన్నాయి. కాళ్ళ చప్పుళ్ళు వినిపించాయి. ఏదో బల్ల కదిలింది. ఎవరో ఎవరి కాలో తొక్కారు. "ఇటు, ఇటు", "అది స్తంభమండీ" అనే మాటలు. చివరికి డైరెక్టరు గారి చేతులు వెతుక్కుంటూ వచ్చి నాంచారమ్మ భుజాల చుట్టూ ఏదో కప్పాయి.

నాంచారమ్మ వేళ్ళతో అంచు తడిమింది. జరీ. పక్కనే ఉన్న మొగుణ్ణి గిల్లింది. అతను "అబ్బా" అన్నాడు. అది సన్మానానికి స్పందన అనుకుని సభ మళ్ళీ చప్పట్లు కొట్టింది.

"పదయ్యా, పోదాం" అంది ఆమె నెమ్మదిగా.

"శాలువా తీసుకోలేదుగా" అన్నాడు భావనారాయణ, అప్పటికింకా బోధపడక.

"నీ మొహం. ఇదేందో తెలియట్లా? నువ్వు నేసిందేగా!"

భావనారాయణ గోడ పట్టుకుని తలుపు వైపు నడిచాడు.

బయటికి రాగానే ఎండ. నాంచారమ్మ భుజాల మీద నెమలికంఠం ఒక్కసారిగా విచ్చుకుంది. ఆమె గేటు వైపు అడుగేస్తే నీలం, మొగుడి కోసం వెనక్కి తిరిగితే పచ్చ. ఏసోబు కర్ర అడ్డం పెట్టాడు.

"ఆగు పిన్నీ."

కాగితం తీసి చీర పక్కన పెట్టాడు. ఒక కన్ను మూసి చూశాడు. రెండో కన్ను మూసి చూశాడు. "ఇది వంకాయ. అది వంకాయ కాదు. ఇది ఆఫీసుది కాదు. పోండి."

వాళ్ళు కర్ర దాటబోతుండగా వెనకనుంచి కేక వినిపించింది. సభ ముగించుకుని వర్ధనరావు, కళాధర్ బయటికొచ్చారు. కళ్ళు చికిలించుకుంటూ, గోడలు తడుముకుంటూ. వర్ధనరావు చూపు చీర మీద పడింది.

"ఆ చీర... అది మనది!"

భావనారాయణ పెళ్ళాం వెనక్కి నక్కాడు. నాంచారమ్మ మాత్రం పైట సర్దుకున్నట్టు చీరను ఇంకాస్త దగ్గరకు లాక్కుంది.

కళాధర్ డైరెక్టరు చెవి దగ్గరకు వంగాడు. "సార్, మనవి. మన చీర అయినచో అచ్చుతో సరిపోలవలెను. యథాతథముగా సరిపోలినదని తమరు సంతకము చేసియున్నారు. ఏసోబు అచ్చుతో పోల్చి చూచినాడు. సరిపోలలేదు."

"కాని అది మనదే కదా!"

"మనదే అని తమరు అన్నచో, సరిపోలిక అబద్ధమగును. సంతకము అబద్ధమగును. మందిరము అబద్ధమగును." కళాధర్ గొంతు తగ్గించాడు. "తమరి తెర వెలుగు తగ్గింపబడును."

వర్ధనరావు అచ్చు చూశాడు. చీర చూశాడు. ఎండ చూశాడు.

"ఈ చీర ఎవరిదో" అన్నాడు చివరికి. "సంస్థకు సంబంధము లేదు. పోనిండు."

ఏసోబు కర్ర ఎత్తాడు. భావనారాయణ దాదాపు పరుగెత్తాడు. నాంచారమ్మ పరుగెత్తలేదు. మెల్లగానే నడిచింది, నీలం, పచ్చ, నీలం. ఆమె గేటు దాటేలోపు డైరెక్టరు మళ్ళీ పిలిచాడు. ఈసారి ఆయన గొంతులో ఉత్తర్వు లేదు. ఇంటి మనిషి గొంతు.

"అమ్మా, ఒక్కమాట. చీర భలేగా ఉంది. మా ఆవిడ ఇట్టాంటిది కావాలని ఎన్నాళ్ళ నుంచో ప్రాణం తీస్తోంది. ఎక్కడ దొరుకుతుంది?"

నాంచారమ్మ వెనక్కి తిరిగి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"మా ఇంటాయన నేశాడయ్యా. నమూనా మీ దగ్గరే ఉందంటగా" అంది. "మీ ఆవిణ్ణి ఆ హాల్లోకి తీసకపోయి చూపించండి. నచ్చితే కబురు చెయ్యండి."